పాడేరు చలి, పాత కారు: హీటర్ రిపేరు డైరీ

బండి 1998 మోడల్. మూడు సిలిండర్ల బుల్లి కారు, కార్బొరేటర్, ఏసీ లేదు. విశాఖలో మా మావయ్య గారి దగ్గర చాలా ఏళ్లు తిరిగింది. నాకు పాడేరు ట్రాన్స్‌ఫర్ అయ్యాక నా చేతికొచ్చింది. హీటర్ మీట ఎర్ర గుర్తు వైపు ఎంత జరిపినా చల్లగాలే వస్తోంది. గాలి విసిరే ఫ్యాను, అంటే బ్లోయర్ కూడా మూడో స్పీడులో తప్ప తిరగదు.

విశాఖలో ఉండేవాళ్లకి ఇదొక సమస్యలా అనిపించదు. కారు హీటర్ ఎవరికి కావాలి అక్కడ? పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరులో తెల్లవారుజామున బయల్దేరి ఘాట్ దిగాలంటే చలి సంగతి అలా ఉంచండి, స్వెటర్ వేసుకుంటే సరిపోతుంది. అసలు గొడవ అద్దం. నలుగురు ఎక్కి తలుపులు మూసిన రెండు నిమిషాలకే ముందద్దం లోపలివైపు తెల్లగా మూసుకుపోతుంది. బయట మంచు, లోపల ఆవిరి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల గుడి దగ్గర మలుపులు తిరగడం నావల్ల కాదు. అందుకే ఈ పని మొదలుపెట్టాను.

నవంబరు ఆఖరు: ముందు గాలి సంగతి

హీటర్‌లో ఉండేవి రెండే విషయాలు. గాలి రావాలి, ఆ గాలి వేడెక్కాలి. గాలి సమస్య సులువు కాబట్టి దాంతో మొదలుపెట్టా.

బ్లోయర్ పెద్ద స్పీడులో మాత్రమే తిరిగి, మిగతా వాటిలో చడీచప్పుడు లేకపోతే మోటారును అనుమానించక్కర్లేదు. పెద్ద స్పీడులో కరెంటు నేరుగా మోటారుకు వెళ్తుంది. చిన్న స్పీడుల్లో మాత్రం కరెంటును తగ్గించే రెసిస్టర్ గుండా వెళ్తుంది. ఆ రెసిస్టర్ కాలిపోతే సరిగ్గా ఈ లక్షణమే కనిపిస్తుంది. ఎడమవైపు సీటు ముందు, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి చూస్తే బ్లోయర్ డబ్బాకు రెండు స్క్రూలతో బిగించి ఉంది. విప్పి చూశా. చిన్న స్ప్రింగులా చుట్టిన తీగ ఒకచోట తెగి, కొస నల్లబడి ఉంది.

అది గాలి దారిలోనే ఎందుకు పెడతారంటే, దానికి పుట్టే వేడిని ఆ గాలే చల్లార్చాలి కాబట్టి. గాలి ఆడకపోతే తీగ కాలుతుంది. గాలి ఎందుకు ఆడలేదో మోటారు కిందికి దించగానే తెలిసింది. డబ్బా నిండా ఎండిన సిల్వర్ ఓక్ ఆకులు. ఇక్కడ కాఫీ తోటలకు నీడ కోసం వేసే చెట్లే అవి. కారు ఎప్పుడూ వాటి కిందే నిలబడుతుంది మరి. వైపర్ల కింద జాలీలోంచి జారి లోపలికి చేరాయి. వాటితో పాటు దూది, సీటు స్పాంజి ముక్కలు, వేరుశనగ తొక్కలు. ఎలుకగారి కాపురం. అంతా ఊడ్చి, జాలీ కింద సన్నటి ఇనుప మెష్ ముక్క బిగించి, గాజువాక ఆటోనగర్ నుంచి తెప్పించిన రెసిస్టర్ పెట్టాను. మూడు స్పీడులూ తిరుగుతున్నాయి. చల్లగా.

డిసెంబరు మొదటి వారం: చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది

ఇక వేడి. ఇలాంటి పెట్రోలు కారు హీటర్‌లో కరెంటు కాయిల్ ఏదీ ఉండదు. ఇంజిన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీళ్లలో కొంత, రెండు రబ్బరు హోస్‌లలో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే రేకు గోడ) దాటి, డ్యాష్‌బోర్డు లోపలున్న బుల్లి రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగొస్తుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ గాలి దాని మీదుగా వీస్తుంది.

కాబట్టి ఏ మీటరూ లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, హీటర్ ఫుల్ పెట్టి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా చెయ్యి పెట్టి ఆ రెండు హోస్‌లనూ తాకి చూడాలి. రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టే, తప్పు లోపల గాలి మళ్లించే పలకలో ఉంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా దాని ముందుండే నీళ్ల కుళాయి, అంటే వాటర్ కాక్ మూసుకుని ఉంది. రెండూ గోరువెచ్చగా ఉంటే ఇంజినే వేడెక్కడం లేదు, లేకపోతే నీళ్లు తక్కువై గాలి పట్టింది. నిలబడి ఉన్నప్పుడు చల్లగా, బండి పరుగెడుతుంటే వెచ్చగా వస్తే ఎక్కువసార్లు ఈ ఆఖరిదే కారణం.

తాకుదామని బానెట్ ఎత్తాను. తాకడానికి హోస్‌లేవి? ఫైర్‌వాల్ దగ్గర రెండు గొట్టాలూ ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్నాయి. ఇంజిన్ వైపు మాత్రం ఒకే హోస్ ముక్కను వంచి, నీళ్లు బయటికొచ్చే చోటినీ లోపలికెళ్లే చోటినీ కలిపేశారు. హీటర్‌కి నీళ్లే వెళ్లడం లేదు!

పాడేరులో నాకు తెలిసిన జీపు మెకానిక్‌కి చూపిస్తే నవ్వాడు. “హీటర్ లీకయ్యుంటాది మాస్టారూ. కింద ఊళ్లో దీంతో పనేటండి? బైపాస్ కొట్టేసుంటారు.”

అదే వారం: లీకు ఎక్కడ?

బైపాస్ ఊరికే చెయ్యరు కదా, లీకు ఉండే ఉంటుంది. కోరే లీకైతే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. దించడమైతే దించొచ్చు, పాతికేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు తిరిగి బిగుసుకుంటాయన్న నమ్మకం నాకు లేదు. అందుకని విప్పకుండానే పరీక్షించాలనుకున్నా.

ఒక గొట్టానికి చిన్న హోస్ ముక్క తొడిగి, దాని రెండో కొసలో చెక్క బిరడా కొట్టి క్లిప్పు బిగించా. రెండో గొట్టానికి తొడిగిన హోస్‌లో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు దూర్చి బిగించా. మీటరున్న సైకిల్ పంపుతో 14 పౌండ్ల దాకా గాలి కొట్టా. అంతకు మించి కొట్టకూడదు. రేడియేటర్ మూత తట్టుకునేదే సుమారు 13 పౌండ్లు, కోర్‌ని అంతకన్నా మరీ ఎక్కువ పరీక్షించి పగలగొట్టుకోవడం దేనికి?

ముల్లు నిదానంగా దిగుతోంది. సబ్బు నురగ పూసుకుంటూ పోతే వాటర్ కాక్ ఇరుసు దగ్గర బుడగలు లేచాయి. డ్యాష్‌బోర్డు మీద మీట జరిపితే, కేబుల్ లాగితే తెరుచుకునే చిన్న కుళాయి అది. కాక్‌ని పక్కకు తప్పించి కోర్ ఒక్కదానికే గాలి కొట్టి, టిఫిన్ చేసి వచ్చి చూశా. ముల్లు కదల్లేదు. కోర్ నిక్షేపంగా ఉంది.

అంటే ఒక రబ్బరు వాషరు అరిగినందుకు హీటర్ మొత్తాన్ని కోసేశారన్నమాట. పాత కాక్ ఎలాగూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కొత్తదే వేశాను.

కోర్ కడగడం ఎక్కువమంది నిర్లక్ష్యం చేసే పని. నీటి పైపును మొదట నీళ్లు బయటికొచ్చే గొట్టానికి, అంటే మామూలు దారికి ఎదురుగా పెట్టాలి. మురికి ఏ వైపు నుంచి వచ్చి ఇరుక్కుందో ఆ వైపే తిరిగి వెళ్తుంది. మేడమీద ట్యాంకు నుంచి వచ్చే మామూలు ధార చాలు. కార్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే అతుకులు విడిపోతాయి. మొదట చిక్కటి టీ రంగు, ఆ తర్వాత ఎర్రమట్టి, నడుమ గోరంత తుప్పు పెచ్చులు. ఏళ్ల తరబడి కూలెంట్ (రేడియేటర్ నీళ్లకు బదులు పోసే ద్రవం) లేకుండా బోరు నీళ్లు పోసిన బండి అని ఆ బకెట్టే చెప్పేసింది. అటూ ఇటూ మార్చి పెడుతూ నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగా.

కొత్త హోస్‌లు, కొత్త క్లిప్పులు. స్టార్ట్ చేశాం. అరగంట తర్వాత గాలి దారిలో థర్మామీటరు పెడితే 26 డిగ్రీలు. బయట 11. లేదనలేం, ఉందనీ అనలేం.

డిసెంబరు రెండో వారం: ఇంజినే చల్లగా ఉంది

రెండు హోస్‌లూ గోరువెచ్చగా ఉన్నాయి. అంటే ఇంజిన్ వేడెక్కడం లేదన్నమాట. ఎయిర్ లాక్, అంటే నీళ్ల దారిలో గాలి ఇరుక్కుందన్న అనుమానం తీరాలని ముందు చక్రాలు ఎత్తు మీద నిలబెట్టి, చల్లగా ఉండగానే మూత తీసి, హీటర్ ఫుల్ పెట్టి, బుడగలు ఆగేదాకా నడిపించా. తేడా లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వాటర్ బాడీ (ఇంజిన్‌లోంచి నీళ్లు రేడియేటర్‌కి బయల్దేరే చోటి అల్యూమినియం డబ్బా) మీద చూస్తే 48.

ఇక్కడ మా మావయ్య గారి మాట గుర్తొచ్చింది. “ఈ బండికి ఎంత దూరం వెళ్లినా టెంపరేచర్ ముల్లు కింది గీత దాటదురా” అని గొప్పగా చెప్పేవారు. దాటకపోవడమే రోగం. ఇంజిన్ 80, 90 డిగ్రీల మధ్య నడవాలి. చల్లగా నడిస్తే పెట్రోలు సరిగ్గా ఆవిరవ్వదు, సిలిండరు గోడల మీదుగా ఆయిల్‌లోకి జారి దాన్ని పలచన చేస్తుంది. మైలేజీ ఎటు పోతోందని ఏడాదిగా వెతుకుతున్నది ఇదే.

వాటర్ బాడీ మూతకు రెండే బోల్టులు. అల్యూమినియంలో ఇరుక్కున్న ఇనుప బోల్టు విరిగితే అదో కొత్త ప్రాజెక్టు అవుతుంది కనక, ముందు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేశా. పొద్దున్న మెల్లగా వచ్చాయి. మూత ఎత్తితే లోపల థర్మోస్టాట్ లేదు. ఖాళీ గూడు.

మెకానిక్ ఈసారి నవ్వను కూడా లేదు. “మన వైపు థర్మోస్టాట్ ఎవడుంచుతాడండీ? బండి వేడెక్కిందంటే మొదట పీకేది అదే.”

నిజమే. మైదానాల్లో మే నెలలో ఆ పని బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే తలుపు. అది లేకపోతే నీళ్లు స్టార్ట్ చేసిన క్షణం నుంచే రేడియేటర్‌లోకి పోతాయి. పాడేరు పొద్దుట చలిగాలికి అవి వేడెక్కేదెప్పుడు?

కొత్తది 82 డిగ్రీలది తెచ్చా. బిగించే ముందు వంటింట్లో పరీక్ష. (ఆ గిన్నె తిరిగి వంటింట్లోకి రాకూడదన్నది మా ఆవిడ షరతు.) దారం కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు. 70 దగ్గర ఏమీ లేదు. 80 దాటాక రాగి రంగు కడ్డీ చుట్టూ సన్నటి గీతలా వెలుతురు కనిపించింది. లోపలి మైనం కరిగి ఉబ్బుతూ తలుపును నెడుతోంది. 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. మా ఊరి ఎత్తుకు నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి, కాబట్టి ఇంకో కొండెక్కి ఉంటే పూర్తిగా తెరుచుకోవడం చూసేవాణ్ణి కాదేమో. స్టవ్ ఆపితే మళ్లీ మెల్లగా మూసుకుంది.

బిగించేటప్పుడు దాని అంచులో ఆడే చిన్న పిన్ను పైకి ఉండాలి. చిక్కుకున్న గాలి తప్పించుకునే దారి అదే. పాత ప్యాకింగ్ గీకి, కొత్త ప్యాకింగ్ వేసి, కూలెంట్ పోశాను. ఇక్కడ గడ్డ కట్టే చలి లేకపోయినా కూలెంట్ కావాలి. తుప్పు రాకుండా ఆపేది అదే. తియ్యగా ఉంటుంది, విషం. ఒలికింది కడిగేయాలి, వీధికుక్కలు నాకుతాయి.

పావుగంటలో ముల్లు సగానికి వచ్చి నిలబడింది. గాలి 52 డిగ్రీలు. కాళ్ల దగ్గర పెట్టుకుంటే చెప్పులు విప్పెయ్యాలనిపించింది.

అదే వారాంతం: ఘాట్ ఎక్కేటప్పుడు

ఇక్కడితో డైరీ అయిపోవాలి. కానీ థర్మోస్టాట్ ఎవరో సరదాకి పీకలేదు కదా.

చోడవరం నుంచి వస్తూ, నలుగురం, డిక్కీ నిండా సామాను. మాడుగుల దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక సెకండ్ గేర్‌లో ముల్లు సగం దాటింది, ముప్పావు దాటింది. హీటర్ ఫుల్ పెట్టి, కిటికీలు దించేశా. లోపల ఉడికిపోయాం గానీ ముల్లు వెనక్కి తగ్గింది. హీటర్ కోర్ కూడా రేడియేటరే, ఇంజిన్ వేడిని ఎంతో కొంత లాగేస్తుంది. బండి వేడెక్కిన రోజుల్లో ఎవరో కోసేసిన హీటరే ఆ రోజు బండిని ఇంటికి చేర్చింది. అలాంటప్పుడు మూత మాత్రం తియ్యకూడదు. 0.9 (అంటే ఇందాక చెప్పిన 13 పౌండ్లే) అని రాసి ఉన్న ఆ మూత పీడనం నిలిపి నీటిని 115 డిగ్రీల పైదాకా మరగకుండా ఆపుతుంది. మూత వదులైందంటే అదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తుంది.

మర్నాడు చల్లారాక వెతుకులాట. రేడియేటర్ ఫ్యాన్ తాళం తిప్పగానే తిరుగుతోంది. అది ఇంజిన్ వేడెక్కాక, ఫ్యాన్ స్విచ్ చెప్పినప్పుడే తిరగాలి. స్విచ్ దగ్గరి రెండు వైర్లూ కత్తిరించి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేశారు. “డైరెక్ట్ చేశాం సార్” అన్న మాట నా చెవిలో వినిపించింది. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతున్నా బండి వేడెక్కుతోందంటే తప్పు దానిది కాదు.

ఇంజిన్ వేడిగా ఉండగా ఫ్యాన్ వైరు పీకి, రేడియేటర్ ముందువైపు అడుగడుగునా థర్మామీటరుతో కొలిచా. పై భాగం 80 పైన ఉంది. కింద ఎడమ మూల చెయ్యంత మేర 40 దాటలేదు. అటు నీళ్లు పారడం లేదు. పూడుకుపోయింది.

అప్పుడు కథ మొత్తం తలకెక్కింది. మొదట బోరు నీళ్లకి రేడియేటర్ పూడింది. బండి వేడెక్కితే ఫ్యాన్ స్విచ్‌ని తిట్టి ఫ్యాన్ డైరెక్ట్ చేశారు. చాలక థర్మోస్టాట్ పీకారు. ఎప్పుడో కాక్ లీకైతే హీటర్ కోసేశారు. పాత గోడ మీద సున్నం పొరల్లా ఒకదాని మీద ఒకటి. నేను పై పొర నుంచి గీక్కుంటూ వచ్చాను. ఆ మెకానిక్‌లను మరీ తిట్టాలని లేదు. ఆ రోజు కస్టమరు వంద రూపాయల్లో బండి కదలాలి అనే ఉంటాడు. కానీ తీసేసింది తీసేశామని ఒక కాగితం మీదైనా రాసి ఇస్తే బాగుండేది.

సంక్రాంతికి ముందు: రేడియేటర్

ఇది ఇంట్లో చేసే పని కాదు. రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి బాగుచెయ్యొచ్చు, అదొక్కటే అదృష్టం. ప్లాస్టిక్ ట్యాంకుల కొత్త రకాలైతే పారేసి వేరేది కొనడమే. అనకాపల్లిలో రేడియేటర్లు చేసే ఒక పెద్దాయన పై ట్యాంకు టంకం కరిగించి ఊడదీసి, ఒక్కో గొట్టంలో సన్నటి ఇత్తడి పట్టీ దూర్చి గీకాడు. రాలిన పొడి అరచేతిలో పోసి చూపించాడు. ఇసకలా గరుగ్గా, బూడిద రంగులో ఉంది. “ఇది మీ బోరు నీళ్ల సున్నం బాబూ. ఇకనైనా ఆ నీళ్లు పొయ్యకండి.” మళ్లీ టంకం వేసి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి చూసి ఇచ్చాడు.

ఫ్యాన్ స్విచ్ కొత్తది, మీద 95 అని ఉంది. అదే గిన్నెలో మల్టీమీటరు పెట్టి పరీక్షించా. నీళ్లు మరగడానికి కాస్త ముందు మీటరు కూసింది. రెండు డిగ్రీల ఖాళీలో బతికిపోయాం. టేపు చుట్టిన వైర్లు విప్పి, సరైన కనెక్టరు పెట్టి కలిపా. ఇప్పుడు ఇంటి ముందు ఐడిలింగ్‌లో వదిలేస్తే ఫ్యాన్ దానంతట అదే తిరిగి, కాసేపటికి అదే ఆగుతోంది. ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఈ బండిలో నేను ఎప్పుడూ వినలేదు.

అదే ఘాట్, అంతే బరువు. ముల్లు సగం మీద కొద్దిగా కదిలి అక్కడే ఉంది.

ఇప్పటి పరిస్థితి

అద్దం సంగతి చెప్పలేదు కదూ. గాలి మీట బయటి గాలి వైపు ఉంచాలి, చాలామంది చలి అని లోపలి గాలి వైపు పెడతారు. లోపలి గాలి అంటే నలుగురి ఊపిరి, అదే మళ్లీ అద్దానికి కొట్టినట్టు. బయట మంచు కమ్మేసి ఉన్నా 8 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకు సుమారు 8 గ్రాముల నీరే ఉంటుంది. అదే గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే 50 గ్రాముల దాకా పీల్చుకోగలదు. అందుకే తడి మంచులోంచి తెచ్చిన గాలే లోపలి అద్దాన్ని ఆరబెడుతుంది. ఏసీ లేని బండికి ఇదొక్కటే దారి. స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాలు గుడ్డ తప్పదు, ఇంజిన్ వేడెక్కాలిగా.

మిగిలిన పనులున్నాయి. అద్దం వైపు గాలి మళ్లించే పలక అంచున స్పాంజి పొడైపోయింది, సగం గాలి కాళ్ల దగ్గరే కారిపోతోంది. సన్నటి ఫోమ్ టేపు తెప్పించాలి. చల్లగా ఉన్న సమయంలో చోక్ (స్టార్టింగ్‌లో ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట) ఎంతవరకు లాగాలో మళ్లీ నేర్చుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఇంజిన్ తొందరగా వేడెక్కి మునుపటిలా లాగి ఉంచితే నల్లపొగ కక్కుతోంది. పెట్రోలుతో పలచబడిన పాత ఆయిల్ మార్చడం వచ్చే ఆదివారం పని. మావయ్య గారికి ఫోన్ చేసి ముల్లు ఇప్పుడు సగంలో ఉంటోందని చెప్పా. “అయ్యో, బండి పాడుచేశావురా” అన్నారు.